కళాపోషకుడిలో ళ

పదకొండేళ్లుగా ఒక అక్షరం నా మీద బరువుగా ఉంది. చెక్కిన బండను ఆ రోజే పగలగొట్టారు. అక్షరం మాత్రం నాతోనే ఉండిపోయింది. నీకే మొదట చెబుతున్నాను. నా పేరు అడగకు.

నాది ఎమ్మిగనూరు. రాతిపని. ఆదోనిలో ఫైనాన్స్ నడిపే సావుకారు ఒకాయన కల్యాణమండపం కట్టించాడు. స్తంభాలన్నీ నేనే చెక్కాను. ప్రతిదాని మీదా ఆయన పేరు, ఆయన తండ్రి పేరు. చివరి స్తంభం అడుగున, చీపురు తగిలే చోట, నా పేరు వేసుకుంటానని అడిగాను.

"బండ కొట్టేటోనికి పేరెందుకప్పా? కూలి ముట్టలేదా?" అని నవ్వాడు. మేస్త్రీలందరి ముందు. ఆ నవ్వు మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

ద్వారం పైన పలక మీద 'కళాపోషకుడు' అని ఎర్రరంగుతో రాసిచ్చింది బాషా. బోర్డులు రాసేవాడు. నాకు అక్షరాల ఒంపులు నేర్పిందీ అతనే. ఫ్లెక్సీలు వచ్చాక అతనికి పని లేదు. మండపం పైకప్పుకు బొమ్మలు వేసే పని ఇస్తానని సావుకారు మాటిచ్చాడు. ఏడాది పని. బాషా ఆశంతా దాని మీదే.

బాషా ళ రాశాడు. నేను కావాలని ల చెక్కాను. ఉలి కింద రంగు లేచిపోయింది.

ప్రారంభం రోజు తెలుగు పంతులు ఒకాయన మైకులో 'కలాపోషకుడు' అని ఒత్తి చదివాడు. జనం నవ్వారు. నా కడుపు చల్లబడింది. ఎంతసేపు? సావుకారు నా వైపు తిరిగేదాకా.

"ఎవురు సేసినార్రా ఇది?"

"బాషా రాసిచ్చినట్లే కొట్టినాను."

"సాయిబు నోట్లో ళ యాడ పలుకుతాది! వానికి పని సెప్పినందుకు నన్ను కొట్టాల. పైకప్పూ వద్దు, ఏమీ వద్దు, పొమ్మను."

బాషా నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "ళ నే రాసినా గదన్నా. కొట్టేటప్పుడు నువ్వు సూసినావు. సెప్పన్నా."

నేను బండకేసి చూస్తూ నిలబడ్డాను.

భయపడ్డానా? అదొక్కటే అయితే బాగుండు. సావుకారు మాట అందరూ ఇట్టే నమ్మారు. నమ్ముతారని నాకు ముందే తెలుసా? పట్టుబడితే ఎవరి మీదికి తోయాలో లోపల ఎక్కడో అనుకునే, ఇన్ని అక్షరాలుండగా ఆ ఒక్కదాన్నే తప్పుగా చెక్కానా? తెలుసు. ఇది రాస్తుంటే తెలుస్తోంది.

బాషా ఇప్పుడు ఆదోని బస్టాండు దగ్గర పండ్లు అమ్ముతాడు. ఆ బండికి బోర్డు లేదు. నన్ను చూస్తే ముఖం తిప్పుకోడు. అరటిపండ్లు తూచి ఇస్తాడు, అన్నా అనడు.

సావుకారును క్షమించలేదు, క్షమించను. బాషాను నన్ను క్షమించమనీ అడగను. చెప్పేశాను, కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఆ మండపంలో నా పేరు ఉండాల్సిన చోటు ఒకటే.

బాషా ళ రాశాడు. ల నాది.