గ్లిజరిన్ అడిగిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిన సంగతి నాకు సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఒక పోస్టరు. దాని నిండా పాస్టరుగారు, సూటు వేసుకుని, చేతులు చాచి, నవ్వుతూ. పెద్దమ్మ ఫొటో అడుగున ఓ మూలన రూపాయి బిళ్లంత. పోయింది ఎవరో తెలుసుకోవడానికి వేళ్లతో పెద్దది చేసి చూడాల్సి వచ్చింది. కాస్తయినా సిగ్గుండాలి!

కృష్ణానగర్‌లో మూడో అంతస్తు మీద మా మందిరం. వచ్చేవాళ్లవన్నీ సినిమా బతుకులే. డాన్సర్లు, లైట్లు మోసేవాళ్లు, నాలాగా కాస్ట్యూములు కుట్టేవాళ్లు. పెద్దమ్మ కూడా ఓపిక ఉన్నన్నాళ్లూ జూనియర్ ఆర్టిస్టే. చావు సీనులో ఏడవాలంటే ముందు ఆమెకే కబురొచ్చేది. ఆదివారం ఆరాధనలో ప్రారంభ ప్రార్థన ఆమెది. మెట్ల దగ్గరే జనం ఆమెను పట్టుకునేవారు. "పెద్దమ్మా, పనుల్లేవు, జర నా పేరు చెప్పు" అని ఒకరు, "మా ఆయన తాగుడు బంద్ జేయాలె" అని ఇంకొకరు. పైకెళ్లాక అందరి పేర్లూ చెప్పి దేవుణ్ని అడిగేది. తన పేరు వినబడగానే మనిషి భుజాలు తేలికపడటం నేను చూశాను. నావీ తేలికపడ్డాయి.

తర్వాత మావాళ్లకు యూట్యూబ్ పిచ్చి పట్టుకుంది. కెమెరాలొచ్చాయి, కెమెరాలో పడిందల్లా అప్పటికప్పుడు చూపించే పెద్ద తెర వచ్చింది, రంగు లైట్లొచ్చాయి, పొగ మిషనూ వచ్చింది. దేవుడి సన్నిధిలో ఆ పొగ ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

పోయిన చలికాలం ఒక ఆదివారం. చెవులదాకా కొంగు లాక్కుని చాపల మీద ముడుచుకుని కూర్చున్నాం. షూటింగులో పైనుంచి పడ్డ లైట్‌మన్ కోసం పెద్దమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూ ప్రార్థన చేసింది. అందరం ఆమెన్ అన్నాక కెమెరా అతను అడ్డంగా తలూపాడు.

"అమ్మా, సౌండ్ రికార్డవలేదంట. ఇంకొక్కసారి చేయండి. ఆ కన్నీళ్లు కూడా అలాగే రావాలండీ" అన్నారు పాస్టరుగారు.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"దేవుడు ఇన్నడు గద అయ్యగారూ, మళ్ల ఎవలికి? షూటింగ్ల ఏడ్వుమంటే గ్లిజరిన్ ఇచ్చెటోళ్లు. మీరు తెచ్చిన్రా?"

వెనక వరుసల్లో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు మొహం మాడ్చుకున్నారు.

మరుసటి వారం ప్రారంభ ప్రార్థన జూబ్లీహిల్స్ నుంచి వచ్చే ఒక సీరియల్ నటికి వెళ్లిపోయింది. ఆమె ఫోన్లో చూసుకుంటూ లోకశాంతి కోసం ప్రార్థించింది. ఒక్కరి పేరు లేదు. పెద్దమ్మ ప్రార్థన పొడుగవుతోందనీ, జనం చూడటం లేదనీ సంఘపెద్దలు సంజాయిషీ చెప్పారు. పెద్దలట, పెద్దలు! పాస్టరుగారు తుమ్మితే హల్లెలూయా అనే బాపతు.

"ఇంకో చర్చికి పోదాం పద పెద్దమ్మా" అన్నాను కోపం పట్టలేక.

"పోతే, మెట్ల కాడ నాకు చెప్పుకునేటోళ్లు ఎవలికి చెప్పుకుంటరే?" అంది.

ఆ పై ఆదివారం ఒక డాన్సరు పిల్ల కుంటుకుంటూ మెట్లెక్కింది. మర్నాడు మోకాలికి ఆపరేషన్. కాలు సరిగ్గా రాకపోతే దాని బతుకు అంతే. "నా పేరు చెప్తావుగా ఆంటీ?" అంది. ఇక చెప్పే వీలు లేదని ఆ పిల్లకు తెలియదు. పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుంది.

లోపల లోకశాంతి మొదలైంది. తన పేరు రాలేదు, పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. పెద్దమ్మ కూర్చున్నచోటే ఆ మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా ఆ పిల్ల పేరు చెప్పి దేవుణ్ని అడగడం మొదలుపెట్టింది. మా ముందు వరుసలోని ఇద్దరు వెనక్కి తిరిగారు. తర్వాత వాళ్ల ముందువాళ్లు. చాపల మీద జరుక్కుంటూ ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు.

"ఇటు, ఇటు కెమెరా వైపు చూడండమ్మా!" పాస్టరుగారు మైకులో అరుస్తున్నారు. ఎవరు వింటారు? నేను మాత్రం ఒక్కసారి తలతిప్పి చూశాను, ఆయన మొహం చూసే ఆనందం కోసం. ఆయన వెనకున్న పెద్ద తెర నిండా కొంగులు కప్పుకున్న మా తలలూ, మా వీపులూ.