స్వాగత దరువు

చిన్నయ్యకు పేపరు చదవడం రాదు. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే బోరబండ చౌరస్తాలో చాయ్ హోటలుకు పోయి, పట్నం కబుర్లు వేసే పేజీ తీసుకుని బొమ్మలు చూస్తాడు. చూసి కడుపు మండించుకుంటాడు. అంత సంబరంగా కడుపు మండించుకునే మనిషిని ఆ హోటలువాడు ఇంకొకణ్ణి చూడలేదు. ఆ మంటకు కారణం ఒక్కడే, అరుణ్.

చిన్నయ్యది ఎల్లంతకుంట పక్క పల్లె. యాభై ఏడేళ్ళవాడు. గుంటెడు భూమి లేని ఇల్లు. వరుసగా మూడేళ్ళు వానలు మొహం చాటేస్తే ఊళ్ళో కూలి దొరక్క, భార్య ఐలమ్మను, గిన్నెల మూటను, తాతల నాటి డప్పును వెంటబెట్టుకుని పట్నం బస్సెక్కాడు. కొన్నాళ్ళు ఇటుకలు మోశాడు. నడుము పట్టేశాక ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. ఒక ఏడాది బోనాలకు బస్తీవాళ్ళు డప్పు కొట్టమంటే కొట్టాడు. అది విన్న ఒకాయన కాలేజీకి పిలిచాడు, ఆ కాలేజీలో విన్న ఇంకొకాయన బొమ్మల ప్రదర్శనకు పిలిచాడు. ఊళ్ళో అరుగు దిగువన నిలబడి కొట్టిన డప్పును ఇక్కడ స్టేజీ ఎక్కించి కళ అన్నారు. చిన్నయ్యను కళాకారుడన్నారు. ఆ మాటను అతను ఐలమ్మ చేత రోజుకు నాలుగుసార్లు అనిపించుకునేవాడు. ఆమె కూడా నవ్వుకుంటూ అనేది.

అరుణ్ అదే ఊరి పోచయ్య కొడుకు. పోచయ్య మంచి డప్పు కళాకారుడే గానీ, పన్నెండేళ్ళ కిందట ఊళ్ళో ఎవరు చచ్చినా ఊరికే వచ్చి కొట్టిపోవాలంటే రోషమొచ్చి డప్పు పక్కన పడేశాడు. కొడుకు చెవిన ఆ చప్పుడే పడొద్దని అంతకు ముందే మూడో తరగతిలో జగిత్యాల హాస్టల్లో వేశాడు. అరుణ్ అక్కడే డిగ్రీ దాకా చదివి, నౌకరీ దొరక్క పట్నం వచ్చి, బండి మీద ఇంటింటికీ తిండి పొట్లాలు చేరవేసే పనిలో కుదిరాడు. ఒకసారి అలా పోతూ చిన్నయ్య డప్పు కొడుతుంటే చూసి, బండి ఆపి, ఆట అయిపోయేదాకా నిలబడ్డాడు. తర్వాత వచ్చి కాళ్ళు మొక్కి, కాకా నాకు గూడ నేర్పరాదు అని అడిగాడు.

ఆ రోజు చిన్నయ్య ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేం. కుడిచేతి చిర్రకర్ర ఎట్లా పట్టాలి, ఎడమచేతి సన్నపుల్ల ఎక్కడ ఆనించాలి, మంట మీద తోలు ఎంత కాపాలి, అన్నీ నేర్పాడు. రెండేళ్ళు నేర్పాడు. ఆ రెండేళ్ళూ బాగానే ఉంది. తర్వాతే వచ్చింది చిక్కు. అరుణ్‌కు మాట్లాడటం వచ్చు. పేపరువాళ్ళు మైకు పెడితే చిన్నయ్య తడబడి, బాంచెన్, మా తాత కొట్టిండు, మా నాయిన కొట్టిండు, నేను కొడుతున్న అని ఆగిపోయేవాడు. అరుణ్ అయితే తోలు గురించి, కరువు గురించి, వలస గురించి పావుగంట చెప్పేవాడు. వినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి. మరునాడు పేపర్లో అరుణ్ నిలువెత్తు ఫోటో పడేది. చిన్నయ్యది ఒక మోచేయి పడేది.

మోచేయి పడ్డ రోజున చిన్నయ్య అన్నం ముట్టలేదు. నేర్పింది నేను, కరువు చూసింది నేను, పేరు వాడిదా అని రుసరుసలాడాడు. మన దగ్గర నేర్చుకున్న పిల్లవాడే గదా అని ఐలమ్మ సర్దిచెప్పబోతే, ఆమె మీద కూడా ఉడుక్కున్నాడు. అసూయ అంటారే, అచ్చంగా అదే. ఇంకో మంచి పేరు దానికి లేదు, చిన్నయ్య కూడా వెతకలేదు.

అట్లాంటి రోజుల్లో పేరున్న ఒక బొమ్మల ప్రదర్శన మొదలవుతుందని, అతిథులు లోపలికొచ్చేటప్పుడు కొట్టడానికి కొత్త దరువు కావాలని అరుణ్‌ను అడిగారు. అరుణ్ చిన్నయ్య దగ్గరికే వచ్చాడు. పెళ్ళిలో మగపెళ్ళివారికి ఎదురేగి కొట్టే దరువు ఏదన్నా ఉందా కాకా అన్నాడు. ఉంది. చిన్నయ్య తండ్రి దగ్గర నేర్చుకున్నది, ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది ఒకటి ఉంది. అది నోటిదాకా వచ్చింది. అదీ వీడి ఫోటో కిందికే పోతుందని గుర్తొచ్చి మింగేశాడు. దాని బదులు ఇంకొకటి నేర్పాడు. పాడె లేపేటప్పుడు కొట్టే దరువు. జంటగా రెండు దెబ్బలు, ఒక ఆగుడు, మళ్ళీ ఒక్క దెబ్బ. నడక కాస్త పెంచి, దీన్ని స్వాగత దరువంటారని చెప్పాడు. పట్నం నిండా మనవైపు వాళ్ళే, ఎవరో ఒక ముసలాయన గుర్తుపట్టి నలుగురిలో గడ్డి పెడతాడు, వీడి తల వంగుతుంది అని అతని లెక్క.

ప్రదర్శన రోజు చిన్నయ్య కావాలనే డప్పు పట్టకుండా, ఐలమ్మను తీసుకుని వెనక నిలబడ్డాడు. అరుణ్, వాడు నేర్పిన మరో నలుగురు పట్నం పిల్లలు వరసగా నిలబడి ఎత్తుకున్నారు. పట్టుచీరలు, సూట్లు లోపలికొస్తున్నాయి. ఒకావిడ గుమ్మంలోనే ఆగి కాలు కదిపింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరు, ఒకే ఒక్కరు తప్ప. ఐలమ్మ చేతులు వాటంతటవే పైకి పోయి నెత్తిమీద కొంగు కప్పుకున్నాయి. చెప్పులు పక్కకు విడిచి నిలబడింది. ఆ తర్వాతే తానేం చేసిందో తెలిసి మొగుడి వైపు చూసింది. చిన్నయ్య మొహం తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె ఒక్కమాటే అడిగింది.

"మా అవ్వను తీస్కపోయిన దెబ్బ గది. తెల్వని పిలగానికి సావు దరువు నేర్పుతవా?"

ఆదివారం పేపరు చూస్తే అరుణ్ ఫోటో ఎప్పటికన్నా పెద్దది. పట్నమంతా స్వాగత దరువుకు మురిసిపోయిందని రాశారని హోటలువాడు చదివి వినిపించాడు. వాడికి విషం పెడితే అదీ పాయసమైందని చిన్నయ్య పళ్ళు కొరుక్కున్నాడు. రెండు నెలల్లో ఆ దరువు బళ్ళ వార్షికోత్సవాలకు పోయింది, దుకాణాల ప్రారంభాలకు పోయింది. అరుణ్ శని, ఆదివారాలు క్లాసు పెట్టి నేర్పుతున్నాడు. అది విన్నప్పుడల్లా, పిచ్చోళ్ళారా మీరు కొడుతున్నది సావు అనుకుని చిన్నయ్య లోలోపల నవ్వుకునేవాడు. అతనికి మిగిలిన సంతోషం అదొక్కటే.

ఆ నవ్వు ఒక శనివారం ఆగిపోయింది. అరుణ్ పెళ్ళికార్డు పట్టుకుని వచ్చాడు. చెల్లె రాధిక పెళ్ళి, గురువారం, ఊళ్ళోనే. పిల్లవాడిది కోరుట్ల. తాను మంగళవారం పొద్దున బస్సెక్కుతానన్నాడు. ఆ మాటలన్నీ చెప్పి, అసలు సంగతి చివర చెప్పాడు.

"బాపును ఒప్పిచ్చిన కాకా. పన్నెండేండ్ల సంది డప్పు పేరెత్తనియ్యనోడు, బిడ్డ పెండ్లికి సరే అన్నడు. ఎదురుకోళ్ళకు నేనే కొడ్త, స్వాగత దరువు."

కోరుట్ల వాళ్ళు బస్సు దిగడం, ముసలమ్మలు కొంగులు కప్పుకోవడం, పెళ్ళిపిల్ల గుమ్మంలో నిలబడిపోవడం, పోచయ్య కొడుకు వైపు చూడటం, అన్నీ చిన్నయ్య కళ్ళముందు కదిలాయి. అందరూ బ్యాండు పెడుతున్నారు గదా, నువ్వూ బ్యాండే పెట్టు అన్నాడు. అరుణ్ నవ్వి, నువ్వే గిట్లంటే ఎట్ల కాకా అని వెళ్ళిపోయాడు. నిజం చెబితే దరువొక్కటే బయటపడదు, తన కుళ్ళంతా బయటపడుతుంది. అందుకే ఆది, సోమవారాలు ఫోను చేతిలో పట్టుకుని తిరిగాడు, చేయలేదు. మంగళవారం పొద్దున ఐలమ్మ చెప్పులేసుకుని, నువ్వు పోతవా నన్ను పొమ్మంటవా అని అడిగింది. అతనే పోయాడు.

జూబ్లీ బస్టాండులో సిరిసిల్ల బస్సులు ఆగే చోట, డప్పు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు అరుణ్. చిన్నయ్య పక్కన కూలబడి, నీళ్ళు నమలకుండా అంతా చెప్పేశాడు. అది పాడె దరువన్నాడు. తెలిసే నేర్పానన్నాడు. నీ ఫోటో చూసి ఓర్వలేక నేర్పానన్నాడు. ఒక సిరిసిల్ల బస్సు వచ్చి పోయింది, అరుణ్ ఎక్కలేదు.

"మా బాపు నేర్పడాయె. నాకు నువ్వొక్కనివే ఉన్నవనుకున్న," అన్నాడు చివరకు. తర్వాత సంచిలోంచి డప్పు తీసి, అసలుది చెప్పమన్నాడు.

దాచుకున్న దరువును చిన్నయ్య ఆ బస్టాండు బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. మూడోసారికే అరుణ్ పట్టేశాడు. తండ్రి దగ్గర దెబ్బలు తింటూ నెలరోజులు నేర్చుకున్నది వీడికి మూడుసార్లకే వచ్చిందా అని, అంత సిగ్గులోనూ, చిన్నయ్య కడుపులో మళ్ళీ మంట లేచింది. దాన్ని అణచుకుని, ఇకనైనా ఆ మొదటి దరువు మానేయమని, అది సావు దరువని పేపరువాళ్ళకు చెప్పమని అడిగాడు. అరుణ్ తల అడ్డంగా ఊపాడు. వందమందికి నేర్పానని, వాళ్ళు ఇంకెంతమందికి నేర్పారో తెలియదని, మొన్న ఒక పాప పుట్టినరోజుకు కూడా కొట్టారని చెప్పాడు. ఈ పట్నంలో ఇప్పుడదే స్వాగత దరువన్నాడు.

చిన్నయ్యకు తండ్రి గుర్తొచ్చాడు. ఆయన పాడె ముందు తాను కొట్టింది అదే. రేపు తన పాడె ముందు ఎవరైనా కొట్టాలన్నా అదే. అది ఇప్పుడు కేకుల ముందు మోగుతోంది. బస్సు వచ్చి ఆగింది. అరుణ్ లేచి సంచి భుజాన వేసుకున్నాడు. చిన్నయ్య వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మరి రేపు నేను వోతే నా ముందట ఏం కొడ్తర్రా?"

అరుణ్ చెయ్యి మెల్లగా విడిపించుకుని బస్సు మెట్టెక్కాడు.

"నాకేం ఎరుక కాకా. నువ్వేది నేర్పితే గదే కొడ్త."