కొంగు కాల్చి తీసిన వెండి

మా ఆయన ముప్పై ఏండ్లు మగ్గం మీద కూసున్నడు. ఎవరెవరి పెండ్లిండ్లకో నేసిండు, నాకు నేసింది మాత్రం ఒక్కటే చీర. మా గద్వాల దిక్కు చీరంటే ఒడలంత నూలు, అంచులు, కొంగు పట్టు. నూలుకు, పట్టుకు మగ్గం మీదనే అతుకు పడ్తది. నా కొంగు నిండ వెండి తీగెల మేలిమి జరీ, నెమళ్లు. ఆ నెమళ్లను ఆయన కాయిదం మీద గియ్యలే. చీర దిగంగనే, నెమళ్లు పడెటందుకు మగ్గానికి కట్టిన బూటా దారాలు సుత ఇప్పేసిండు. ఇగ గవి నా కొంగుల దప్ప ఏడ లెవ్వు.

ఆయన పోయిన రెండేండ్లకు మా వాడకట్టుల ఆడోల్లకు వెండి పిచ్చి పట్టింది. బంగారం మనకు అందది, వెండి బిస్కెట్టు కొని పెట్టుకుంటే ఆపతికి అక్కరకొస్తదని ఒకటే ముచ్చట. కడియాలు కరిగిస్తున్నరు, పాత జరీ చీరలు కాలుస్తున్నరు. పాత చీరలు కొనెటాయన నా చీరను మస్తు అగ్గువకు అడిగిండు. వానికెందుకియ్యాలె, మనింట్ల కుంపటి లేదా అనుకున్న. కొడుకు అప్పుడు జడ్చర్ల కంపెనీల పని చేస్తుండె. వాన్ని అడగలే. నా చీర, నా ఇష్టం అనుకున్న.

అతుకు ఎంబడి కత్తెరతోని కోసిన. అంచులు, కొంగు ఇనుప బొచ్చెల ఏసి కాల్చిన. పట్టు కాలుతుంటే వెంటికలు కాలిన వాసన. బూడిద కడిగితే జరీ పీచులెక్క మిగిలింది. మూట గట్టుకొని, వెండి కరిగిచ్చే అవుసలాయన కాడికి పోయిన.

"ఎవరు నేసిండ్రు వదినె గిది?"

"ఇంకెవరు, మీ అన్ననే."

"గిసొంటి జరీ ఇప్పుడు దొరుకుతదా? జర ముందుగాల నన్ను అడగకపోతివి."

"కాల్చినంక చెప్తవేందయ్యా?"

"బూడిద పట్టుకొచ్చినంక నేనేం చెప్పాలె, ఊదమంటె ఊదుత!"

ఆయన నవ్విండు, నేను సుత నవ్విన. మూసల జరీ పీచు, అది కరిగెటందుకు ఎలిగారం ఏసి ఊదిండు. సల్లారినంక చూస్తె తెల్లటి గుండు, రేగుపండంత. దానికి మా అత్త కడియాలు కలిపి, పట్నంల దుకాణంల ఇచ్చి బిస్కెట్టు తీసుకున్న. ప్లాస్టిక్ కవర్ల పెట్టి, మీద నంబరు కొట్టి ఇచ్చిండ్రు. సందుగల పెట్టి తాళమేసిన. గట్టి పని చేసిన అనుకున్న.

పోయినేడు కొడుకుకు కంపెనీ పని పోయింది. ఇంటికొచ్చి వాళ్ల బాపు మగ్గం మళ్ల నిలబెట్టిండు. చీరలు తీసుకునే షావుకారు, మీ బాపు మీ అమ్మకు నేసిన నెమళ్ల కొంగు నెయ్యి, ఎన్నైనా తీసుకుంట అన్నడట. కొడుకు సంబురంగ ఇంట్లకొచ్చిండు.

"అమ్మా, బాపు నీకు నేసిన చీర తియ్యే."

తెచ్చి ఇచ్చిన. ఈ కొస నుంచి ఆ కొసదాక ఇప్పిండు. ఉత్త నూలు.

"కొంగేదే?"

"కాల్చిన బిడ్డా."

వానికి సమజ్ కాలే. బిస్కెట్టు తీసి చేతిల పెట్టిన. తిట్టినా మంచిగుండు, తిట్టలే. గళ్ల కాయిదం ముందటేసుకొని కూసున్నడు. నెమళ్లెన్ని, తోక కిందికా మీదికా, నడుమ ఏముండె అని అడుగుతుండు. నేనేం చెప్పాలె? కొంగు ఎనకకు ఏలాడుతది. కట్టుకున్నదానికి కనపడదు, ఎంబడి నడిచెటోల్లు చూస్తరు. ఎన్ని పెండ్లిండ్లకు కట్టుకపోయిన! ఒక్కనాడన్న పరిచి కూసొని లెక్కవెట్టలే. వాడు గీసిన మూడు బొమ్మలకూ గిది కాదు అన్న.

"పోనీ తియ్యమ్మా," అని సాదా కొంగుకే దారం పోసిండు. షావుకారు సాదాయి నెలకొకటి తీసుకుంటడు, అదిగూడ మొకం ముడుసుకొని.

వెండి రేటు మస్తు పెరిగిందట. పక్కింటామె నీ అసొంటి తెలివి మాకు లేకపాయె అంటది. నేను ఊ అంట.

మొన్న బువ్వ తింటుంటే యాదికొచ్చింది, నెమలి మెడ తిప్పి చూస్తుండె. ఎంగిలి చెయ్యితోనే మగ్గం కాడికి ఉరికి చెప్పిన. వాడు నేసుడు ఆపి నా మొకం చూసిండు.

"ఏ దిక్కుకు తిప్పిందే?"

నా మెడనే ఈ దిక్కొకపారి, ఆ దిక్కొకపారి తిప్పి చూసిన.