ప్యాకింగ్ సెక్షన్ అంతటికీ ఒకటే ఫోన్ నంబరు

నాచారం పారిశ్రామికవాడలో సీసా మూతలు తయారుచేసే ఒక కంపెనీలో నేను చాలా ఏళ్లుగా ఉద్యోగుల రికార్డులు చూస్తున్నాను. ఎవరు ఎప్పుడు చేరారు, తండ్రి పేరేమిటి, భర్త పేరేమిటి, బీమా నంబరెంత, మానేసినవాళ్లకు ఏ కాగితం ఇచ్చాం, ఇదంతా నా బల్ల మీదుగానే పోతుంది. మా మేనేజరు నాకంటే చిన్నవాడు. ఒకసారి ఆడిటర్లు వచ్చినప్పుడు అందరినీ పేరుతో, హోదాతో పరిచయం చేసి, నా దగ్గరికి వచ్చేసరికి "ఈవిడ మా స్టోర్‌రూమ్" అన్నాడు. ఆడిటర్లు నవ్వారు. నేనూ నవ్వుతానని ఎదురుచూశారు. నేను నవ్వలేదు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

కాగితాల ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నప్పుడు ఆ పని నాకే పడింది. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ల వివరాలు కొడుతూ ఉంటే ఒక నంబరు పదేపదే కనిపించింది. మొదట నేనే పొరపాటున ఒకే నంబరు మళ్లీ మళ్లీ కొడుతున్నానేమో అనుకున్నాను. ఫైళ్లు తిరగేశాను. పొరపాటు నాది కాదు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లందరి ఫోన్ నంబరూ ఒకటే. అది వాళ్లను పనికి తెచ్చిన మేస్త్రీది.

ఆయనది జనగామ వైపు పల్లె. తన ఊరినుంచి, చుట్టుపక్కల ఊళ్లనుంచి ఆడవాళ్లను తీసుకొచ్చి, మల్లాపూర్‌లో గదులు చూపించి, మా కంపెనీలో పెట్టించాడు. చేరేటప్పుడు ఫోన్ నంబరు రాయాల్సిన గడి వస్తే కొందరికి ఫోనే లేదు. కొందరి ఫోను మొగుడి జేబులో ఉంటుంది. మిగిలినవాళ్లు కొత్త సిమ్ము మీద ఏదో ఒకటి ఉచితం అనగానే పాతది పారేస్తారు. ఎన్నేళ్లయినా మారని నంబరు ఆయనదొక్కటే. అందుకని అందరికీ తన నంబరే రాయించాడు. కబురేదైనా వస్తే తనకే వస్తుందని, తనే వచ్చి చెబుతానని వాళ్లకు మాటిచ్చాడు. వాళ్లకు అది ధైర్యంగా ఉండేది. తర్వాత ప్రతిదానికీ ఓటీపీ కావాల్సిన రోజులొచ్చాయి. అప్పుడాయన యంత్రాల మధ్య నిలబడి, స్టాపుల పేర్లు అరిచే కండక్టరులాగా ఎవరి అంకెలు వాళ్లకు అరిచి చెప్పేవాడు.

ఇది పద్ధతి కాదని ఒకరోజు క్యాంటీన్లో ఆయనతో అన్నాను. ఎవరి నంబరు వాళ్లకు ఉండాలి, రేపు మీరు లేకపోతే ఏం చేస్తారు అని అడిగాను. ఆయన అన్నం కలుపుతూనే, తలెత్తకుండా జవాబిచ్చాడు.

"మేడమ్, మీరు కాయితాలు సూస్తరు, నేను మనుషులను సూస్త. ఎవ్వరి పని ఆల్లు జేసుకుందాం."

బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు టిఫిన్ మూతలు అడ్డం పెట్టుకుని నవ్వారు. అలా నవ్వినవాళ్లలో ఒకామె ఈ కథలోకి రాబోతోంది, అందుకే ఆ విషయం ఇక్కడ రాస్తున్నాను.

మేనేజరుకు మెయిల్ రాశాను. "నోటెడ్" అని ఒక్క ముక్క వచ్చింది. మళ్లీ రాశాను. ఈసారి అదీ రాలేదు. మూడోసారి రాసినప్పుడు ఆయన నా బల్ల దాకా వచ్చి, ఇంత చిన్న విషయం మీద ఇన్ని మెయిళ్లు రాసే తీరిక మీకెలా దొరుకుతుందని అందరూ వినేలా అడిగాడు. ఆ మెయిళ్లను నేను విడిగా ఒక ఫోల్డర్లో పెట్టుకున్నాను.

కొన్నాళ్లకు కంపెనీ మేస్త్రీని మార్చింది. మనుషుల్ని పంపే పని ఒక ఏజెన్సీకి ఇచ్చారు. పాత మేస్త్రీని గేటు లోపలికి రానివ్వొద్దని చీటీ రాయమన్నది మేనేజరు. రాసి సంతకం పెట్టింది నేను. మర్నాడు ఆయన ఆడవాళ్లతో ఒకమాట చెప్పి పోదామని వస్తే సెక్యూరిటీవాడు ఆ చీటీ చూపించాడట. షిఫ్టు వదిలేదాకా రోడ్డు అవతల నిలబడి వెళ్లిపోయాడని తర్వాత విన్నాను. ఆయన పోయాడు, ఆయన నంబరు మాత్రం రికార్డుల్లో ఉండిపోయింది. దాన్ని మార్చాలన్నా ఆ నంబరుకే ఓటీపీ పోతుంది.

ఒక శనివారం పొద్దున ప్యాకింగ్ ఆమె నా గదికి వచ్చింది. టిఫిన్ మూత అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్లలో ఒకతె. వాళ్లాయన సెంట్రింగ్ పని చేస్తాడు. ఘట్‌కేసర్‌లో చెక్కలు విప్పుతూ పడ్డాడు. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. బీమా దవాఖానాలో సోమవారం ఆపరేషను పెట్టారు. రాడ్ వేయాలి. ఆ రోజు తప్పితే మళ్లీ ఎప్పుడు కుదురుతుందో చెప్పలేమన్నారు, ఈలోపు ఎముక వంకరగా అతుక్కుంటే కాలు ఇక పనికి ఒంగదన్నారు. అన్నీ అయ్యాక కౌంటర్లో చూస్తే ఆమె బీమాలో భర్త పేరు లేదు. ఆమె పెళ్లికి ముందు చేరింది. తండ్రి పేరుంది, అంతే. సోమవారం పొద్దునకల్లా భర్త పేరు ఎక్కితేనే లోపలికి తీసుకుంటామని పంపేశారు.

పేరు ఎక్కించడం ఎంతోసేపు పట్టదు. వెబ్‌సైటు తెరిచి, వివరాలు నింపి, ఓటీపీ కొడితే చాలు. వివరాలన్నీ నింపి బటన్ నొక్కాక గాని, ఆ ఓటీపీ ఎక్కడికి పోయిందో నాకు తట్టలేదు. వెంటనే మేస్త్రీకి ఫోన్ చేశాను. ఆయన ఎత్తాడు. నా గొంతు విన్నాడు. పెట్టేశాడు. మళ్లీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆమె ఫోను నుంచి చేసినా ఎత్తలేదు. ఈలోపు ఓటీపీ గడువు దాటిపోయింది. ఇంకా రెండు అవకాశాలే ఉన్నాయని, అవీ తప్పితే రెండు రోజులు ఖాతా తెరుచుకోదని తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. రెండు రోజులంటే సోమవారం పోయినట్టే.

ఆమెను తీసుకుని మేనేజరు గదికి వెళ్లాను. ఆయన అంతా విని, ఆమె ముందే, "రికార్డులు ఉండేది మీ దగ్గరే కదా మేడమ్?" అన్నాడు.

నేను వెనక్కి వచ్చి, ఆ ఫోల్డర్ తెరిచి, మెయిళ్లు మూడూ ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. చదవమన్నాను. తర్వాత చూస్తానన్నాడు. ఇప్పుడే చదవమన్నాను. ముందు సమస్య చూద్దామన్నాడు. సమస్య అదేనన్నాను. ఆమె తలుపు దగ్గర నిలబడి ఒకసారి ఆయన్నీ, ఒకసారి నన్నూ చూస్తోంది. ఆయన ఏజెన్సీకి ఫోన్ చేశాడు, వాళ్లు తమకు సంబంధం లేదన్నారు. బీమా ఆఫీసుకు కంపెనీ తరఫున ఉత్తరం రాయమన్నాడు. అది తేలడానికి వారాలు పడుతుందని చెప్పాను. చెప్పి, మళ్లీ కాగితాలు ఆయన ముందుకు జరిపాను. చివరికి చదివాడు. క్షమించమని అనలేదు. "ఇప్పుడేం చేద్దామంటారు?" అన్నాడు. నా ఉద్యోగంలో ఆయన నన్ను సలహా అడగడం అదే మొదలు.

ఆ పూటంతా నేను పోగొట్టానని తర్వాత ఆఫీసులో చెప్పుకున్నారు. నేను ఒప్పుకోను. అప్పుడు చదివించకపోతే సోమవారానికి తప్పు నాదైపోయేది. అది ఎలా జరుగుతుందో నాకు తెలుసు.

మేస్త్రీ ఇప్పుడు పీర్జాదిగూడలో ఒక అపార్ట్‌మెంటు పనికి కూలీలను పెడుతున్నాడని ఆమెకు తెలుసు. ఇద్దరం ఆటో ఎక్కాం. హబ్సిగూడ దాకా బాగానే పోయింది. ఉప్పల్ రింగు రోడ్డు దాటాక ఫ్లైఓవర్ స్తంభాల మధ్య లారీలు, బస్సులు కదలకుండా నిలబడిపోయాయి. క్యాంటీన్ నవ్వు గురించి ఆమెను అడగాలని నోటిదాకా వచ్చి ఆగింది. అదొక్కటి నేను ఆపుకున్నాను.

మేస్త్రీ ఇసుక కుప్ప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. నన్ను చూసి మళ్లీ కూర్చున్నాడు. ఆమె జరిగినదంతా చెప్పింది. ఆయన మొహం మారింది. ఫోనెందుకు ఎత్తలేదంటే నేనే వేరే నంబరు నుంచి చేయిస్తున్నాననుకున్నాడట. కాలు ఎట్లున్నది, ఏ వార్డు, తోడెవరున్నరు అని అన్నీ అడిగాడు. నేను ఈలోపు నా ఫోనులో వెబ్‌సైటు తెరిచి బటన్ నొక్కాను. ఆయన జేబులో టింగుమని మోగింది.

ఆయన ఫోను తీశాడు, చూశాడు, తిప్పి తొడమీద పెట్టుకున్నాడు.

"గేటుకాడ సూపిచ్చిన కాయితం మీద దస్కతు ఎవరిది మేడమ్?"

నాదేనన్నాను. రాయమన్నది మేనేజరని కూడా చెప్పాను.

"మేనేజర్ చెప్పిండు సరే. చెయ్యెవరిది? గన్నేండ్లు ఆ గేట్లకెల్లి వచ్చిన పోయిన. దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టిన్రు. తప్పైంది అను, అంకెలు చెప్త."

నేను అనలేదు. ఆయన క్యాంటీన్లో నన్ను అన్న మాట గుర్తుచేశాను. దానికి ముందు మీరు తప్పైందని చెప్పాలి కదా అన్నాను. తాను అన్నదాంట్లో అబద్ధమేముందని ఆయన అడిగాడు. రేపు మీరు లేకపోతే ఏం చేస్తారని ఆ రోజే అడిగాను, ఇవాళ ఏమైందో చూడండని నేను అన్నాను. ఇద్దరి గొంతులూ పెరిగాయి. పైన స్లాబు మీద పని చేస్తున్నవాళ్లు ఆగి కిందికి చూశారు. నా చేతిలో ఫోను ఒకసారి అదిరింది. గడువు మళ్లీ దాటిపోయింది. ఒక్క అవకాశమే ఉందని అవే ఎర్ర అక్షరాలు.

ఆ తెర ఆమెకు చూపించాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"మీ పంచాయతీ తర్వాత వెట్టుకోండ్రి. అన్నా, ఆమె తరఫున నేనంటున్న, తప్పైంది. ఇగ చెప్పు."

మేస్త్రీ నా వైపు చూసి, నొక్కమన్నట్టు గడ్డం ఎగరేశాడు. నొక్కాను. సిగ్నల్ సరిగ్గా లేదు, తెరమీద చక్రం తిరుగుతూ ఉంది. ఆయన ఫోను మోగలేదు. నేను ఇసుక కుప్ప మీదికి ఎక్కాను. చెప్పులు మునిగిపోయాయి. అప్పుడు మోగింది. ఆయన నాకు చెప్పలేదు. ఆమెకు ఒక్కో అంకె చెప్పాడు, ఆమె దాన్ని నాకు అరిచి చెప్పింది, నేను కొట్టాను. నాలుగో అంకె తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టాను. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. దాని కింద ఆమె భర్త పేరు వచ్చింది.

ఆమె ఆ పేరును వేలితో తాకి చూసింది. తర్వాత నా కొంగుకు అంటిన ఇసుక దులిపింది.

నేను సంతోషించానా అంటే సంతోషించాను. కానీ వచ్చేటప్పుడు ఆటోలో నా మనసులో ఇంకొకటి తిరుగుతూనే ఉంది. నా తరఫున తప్పైందని చెప్పే అధికారం ఆమెకు ఎవరిచ్చారు? నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఆ మేస్త్రీ లెక్కలో నేను తప్పు ఒప్పుకున్నదాన్ని. ఆ సంగతి ఆమెతో అనేశాను కూడా. ఆమె కిటికీలేని ఆటోలోంచి బయటికి చూస్తూ, "గట్లనే అనుకోండ్రి మేడమ్, మా ఆయన కాలు బాగైనంక తిట్టుండ్రి," అంది.

సోమవారం సెలవు పెట్టి దవాఖానాకు వెళ్లాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. పేరు నిజంగా కౌంటర్లో కనిపిస్తుందో లేదో నా కళ్లతో చూడాలనిపించింది. కనిపించింది. ఆమె భర్తను లోపలికి తీసుకుపోయారని చెప్పారు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఆమె ఉంది, పక్కన మేస్త్రీ ఉన్నాడు. నన్ను చూసి ఆయన తన సంచీ ఒళ్లోకి తీసుకుని కొంచెం జరిగాడు. కూర్చోమని మాత్రం అనలేదు. నేను ఎదురుగోడకు ఆనుకుని నిలబడ్డాను. అలా ఎంతసేపో. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ముగ్గురమూ అటే చూశాం.

చివరికి నర్సు బయటికి వచ్చి పేరు చదివి, ఆయన మనిషి ఎవరని అడిగింది. బెంచీ మీదివాళ్లిద్దరూ లేచారు, నేనూ గోడ వదిలి ముందుకు వచ్చాను. ఒక్కరే రావాలంది. ఆమె వెళ్లింది. మేస్త్రీ, నేను తలుపుకు చెరో పక్క నిలబడ్డాం. ఆయన చేతులు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు.

ఆమె బయటికి వచ్చింది. "రాడ్ మంచిగ కూసున్నదట. నడుస్తడట," అంది.

మేస్త్రీ వైపు చూసి అంది.