గీత లోపల కూర్చున్న అవ్వ

గురువు లేకుండా, ఫోన్‌లో పుస్తకాలు చదివి, విదేశీ పద్ధతి మంత్రసాధన ఒంటరిగా నేర్చుకుంటున్నాను. భూతాన్ని పిలిచే మొదటి క్రతువుకు ముందు ఇరవై ఒక్క రోజులు ఎవరి మీదా కోపపడకూడదని నియమం; తప్పితే లెక్క మళ్లీ మొదటి నుంచి. లేత్ మిషన్ దగ్గర సేటు తిట్టినా పళ్లు బిగించి ఇరవై రోజులు గడిపాను. ఈ రోజు ఆఖరిది. పొద్దున్నే బోధన్‌లో నేను అద్దెకుండే ఇంటి డాబా కడిగి, సుద్దముక్కతో రక్షావలయం గీసి డ్యూటీకి పోయాను.

సాయంత్రం వచ్చి చూస్తే ఇంటి ఓనర్ అవ్వ సరిగ్గా దాని నడుమ కూర్చుని బీడీలు చుడుతోంది.

"అవ్వా, లే! ఎవర్నడిగి కూసున్నవ్?" గల్లీ అంతా వినేలా అరిచాను.

"నా డాబా మీద కూసునుడుకు ఎవర్నడగాల్రా? గీ గీత ఏంది?"

"లోపల కూసున్నోళ్లని ఏ భూతం ముట్టది."

"మరింకేంది, మంచి జాగనే. నువ్వు గూడ కూసో. గా ఆకు కత్తిరియ్యి, జెర సల్లవడతవ్."

కూర్చుని చీకటి పడేదాకా తునికాకు కత్తిరించాను. సగం ఆకులు పనికిరావని అవ్వ పారేసింది. మళ్లీ కోపం వచ్చింది.

రేపు మళ్లీ ఒకటో రోజు. నోరు అదుపులో లేనివాడు భూతాలను అదుపు చేస్తాడట. మీలో ఎవరైనా ఇరవై ఒక్క రోజులు ఎవరి మీదా అరవకుండా ఉన్నారా? ఉంటే ఎలాగో చెప్పండి. "ధ్యానం చెయ్యి తమ్ముడూ" అని మాత్రం రాయకండి, అరుస్తాను.