బోర్డు మీద మొదటి వరుస

మా సార్ పోయిన బుధవారం ఇబ్రహీంపట్నంలోని తన ఇంట్లోనే కన్నుమూశారు. సంతాప సభలో మన పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకొని, "మనందరి కొలువులు రాసిన ఆ బోర్డును చూసి సార్ జీవితాంతం మురిసిపోయారు" అన్నాడు. అది తప్పు. ఆ బోర్డు ఉన్న బడి వరండాలో కుర్చీ వేస్తే, సార్ దాన్ని తిప్పుకొని బోర్డుకు వీపు పెట్టి కూర్చునేవారు. అడిగినవాళ్లకు "ఎండ కొడుతున్నది" అని చెప్పేవారు. ఆ వరండాలోకి ఎండ రాదు. ఆ సంగతి సభలో చప్పట్లు కొట్టినవాళ్లకూ తెలుసు.

సంఘం సంచికకు నాలుగు మాటలు రాసిమ్మన్నారు కాబట్టి రాస్తున్నాను. దీన్ని టైపు చేస్తున్న నా మనవరాలు "నానమ్మా, జర మెత్తగ రాయరాదు" అంటోంది. మెత్తగానే రాస్తున్నాను. తియ్యటి మాటలన్నీ అధ్యక్షుడు వాడేశాడు, నాకు మిగిలినవి ఇవి.

మేము బడికి పోయింది నిజాం కాలంలో. చదువు ఉర్దూలో. సార్ ఆ పాఠం ముగించి, బడి వదిలాక తలుపు దగ్గరగా వేసి మాకు తెలుగు నేర్పేవారు. దవడలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. కోపం వస్తే దాన్ని కొరికేవారు, ఆ చప్పుడు వెనక వరుసకు వినిపించేది. నున్నగా తయారై వచ్చి పాఠం అప్పజెప్పలేనివాణ్ణి చూసి, "అంగీకి ఇస్త్రీ ఉన్నది గని మాటకు లేదు బిడ్డా" అనేవారు.

మా బడి గంట ఒక రైలు పట్టా ముక్క. వరండా దూలానికి వేలాడేది. దాన్ని కొట్టే పని మా తరగతిలోని ఒక అమ్మాయిది. వాళ్ల నాయన పెద్దచెరువులో చేపలు పట్టేవాడు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో ఆ గంటకు ఇంకో పని వచ్చిపడింది. బడి వేళ కాని వేళ మోగిందంటే, ఉన్నవాళ్లు ఉన్నట్టు జొన్నచేలలోకి ఉరకాలి.

ఒకనాడు ఆమె చెరువుకట్ట మీది నుంచి రజాకార్ల లారీ దుమ్ము చూసి పరుగెత్తి వచ్చి కొట్టింది. మేమందరం చేలలో దాక్కున్నాం. అందరూ చేరేదాకా కొడుతూనే ఉండటం వల్ల ఆమె దొరికిపోయింది. తుపాకీ మడమతో ఆమె కుడి మణికట్టు విరగ్గొట్టారు. ఆ వేళ్లు మళ్లీ బలపం పట్టలేదు. ఆమె చదువు అక్కడితో ఆగింది.

పోలీసు చర్య అయ్యాక సర్కారు కచేరీలలో కొత్తవాళ్లు కావలసి వచ్చారు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చు కాబట్టి, మాకంటే పెద్ద తరగతి చదివిన మన అధ్యక్షుడికి తహసీల్ కచేరీలో గుమాస్తా కొలువు దొరికింది. మా బడి నుంచి అదే మొదటి సర్కారు నౌకరి. ఆ సంబరంలో ఆయన మిట్టమధ్యాహ్నం బడికి వచ్చి, పట్టా ముక్కను ధనధనా వాయించాడు.

ఊరు ఖాళీ అయింది. మా నాయనమ్మ పప్పుగుత్తితో సహా జొన్నచేలోకి వచ్చింది. సగం గీసిన గడ్డంతో పటేలు మాకంటే ముందే అక్కడున్నాడు. కదలనిది గంట కొట్టే ఆ అమ్మాయి ఒక్కతే. వరండా ముందు నిలబడి, "గిది భయపడ్డోడు కొట్టిన గంట కాదు, కడుపు నిండినోడు కొట్టింది" అందట.

సార్ లవంగం కొరికారు. "నీకు కొలువు దొరికింది సరే, ఊరి పానం తీసినవ్ గద బిడ్డా. పో, చేలల్లకెల్లి అందరిని తోల్కరా."

"సార్, నేను గిప్పుడు గుమాస్తాను."

"గందుకే చెప్తున్న. సర్కారు పని ఈడికెల్లే మొదలువెట్టు."

అప్పటి నుంచి సార్ ఒక పద్ధతి పెట్టారు. కొలువు వచ్చినవాళ్లు ఎవరైనా ముందు ఆమెకు చెప్పాలి. ఆమె వాడంతా తిరిగి, "ఎవ్వరు ఉరకకుండ్రి, మంచి ముచ్చటే" అని కేకేసి, వచ్చి ఎడమచేత్తో గంట కొట్టాలి. డాక్టరైనా, కరెంటు స్తంభాలెక్కే పనైనా అదే గంట. నాకు పంతులమ్మ కొలువు వచ్చిననాడు, "నోటితోని చేసే పని, దీనికి మంచిగ కుదిరింది" అని మరీ కొట్టింది.

కొన్నేళ్లకు కరెంటు గంట వచ్చింది, పట్టా ముక్క సామాన్ల గదిలో పడింది. తర్వాత అధ్యక్షుడు ఈ బోర్డు పెట్టించాడు. రంగులాయన నిచ్చెన ఎక్కిన రోజు నేను అక్కడే ఉన్నాను. మొదటి వరుస ఆమెది అన్నారు సార్.

"పేరు పక్కన కొలువు రాయాలె గద సార్. ఏమని రాస్తం?" అన్నాడు అధ్యక్షుడు.

"గంట అని రాయి."

"గంట నౌకరి ఎట్లయితది సార్? చూసినోళ్లు నవ్వుతరు."

"నవ్వనీ. నువ్వు కొడితే ఏడ్చిండ్రు గద."

సార్ నిచ్చెన దగ్గరి నుంచి కదలలేదు. రంగులాయన మొదటి వరుస వదిలేసి, రెండో వరుసలో అధ్యక్షుడి పేరు రాశాడు. మరునాటికి ఆ ఖాళీ మీదికి ప్లాస్టిక్ చేమంతుల దండ వచ్చింది. ప్రతి పంద్రాగస్టు జెండా పండుగకూ సార్ అడిగేవారు. "వచ్చే ఏడు రాయిద్దాం సార్" అని అధ్యక్షుడు జిలేబీ చేతిలో పెట్టేవాడు.

మంచాన పడ్డాక చూడబోతే సార్ నన్ను అడిగింది ఒకటే. "గా దండ తీసిండ్రా?"

లేదన్నాను.

"మరి నీ నోరెందుకున్నదే?"

నాతో అన్న ఆఖరి మాట అది. నా నోరు మూయించబోయినవాళ్లు చాలామంది, దానికి పని చెప్పింది ఆయన ఒక్కరే. ఆ రుణం ఇట్లా తీర్చుకుంటున్నాను.

సంతాప సభలో పెద్ద కొలువులు చేసినవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె చెప్పులు విడిచేచోట కూర్చుంది. రమ్మని ఒక్కరూ అనలేదు. అధ్యక్షుడు మన పేర్లూ పదవులూ చదువుతుంటే, ఒక్కో పేరుకూ ఆమె ఎడమచేయి ఒడిలో కొద్దిగా లేచి పడుతోంది.

సంఘం కార్యదర్శీ, నువ్వు నా దగ్గర ఒత్తులు దిద్దినవాడివి కాబట్టి ఈ పని నీదే. మన్నెగూడలో తెల్ల ఎనామిల్ రంగు చిన్న డబ్బా, సన్నటి కుంచె కొను. సామాన్ల గదిలో విరిగిన బల్లల వెనక పట్టా ముక్క ఉంది. బయటికి తీయించి కొత్త తీగతో దూలానికి కట్టించు. దండ తీసి పారేయి. కింద బూజు ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి ఆరాక రాయించు. ఆమె పేరు ఇంటిపేరుతో సహా, పక్కన కొలువు సార్ చెప్పినట్టే. ఆమెను ఆటోలో తీసుకురా, కుర్చీ వేయి, సుత్తి ఎడమచేతికి అందించు. ఆమె ఇప్పుడు వాడంతా తిరగలేదు, అందుకని కొట్టేముందు నువ్వే తిరిగి చెప్పు, ఎవరూ ఉరకొద్దని. అధ్యక్షుడి ఇంటికి మాత్రం పోకు, ఉరకనీ.