నలగని కాలరు

మంచం మీద పడటంలో ఆయనకి ఈమధ్య మంచి నేర్పు వచ్చింది. టైలరమ్మ మోచెయ్యి ఇంకా దారిలో ఉండగానే ఆయన మెడ పక్కకి వాలిపోయేది, మోకాళ్లు సడలిపోయేవి, పరుపు మీద వెల్లకిలా పడి కళ్లు మూసుకుని "అబ్బా" అనేవాడు. ఆ అబ్బా కూడా రోజుకో రకం. నిన్నటిది కాస్త మొరటుగా ఉంటే ఇవాళ్టిది జాలిగా ఉండేది. ఆవిడకి మాత్రం ఏనాడూ అనుమానం రాలేదు. తన దెబ్బకి మొగుడు దభీమని పడిపోతున్నాడంటే ఏ ఇల్లాలికి అనుమానం వస్తుంది చెప్పండి?

ఆవిడకి యాభై మూడేళ్లు. టైర్ల షాపు పక్కన, మేడమెట్లకి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతోంది. ఆ మెట్లెక్కితే పెద్ద హాలు. అందులో మాస్టారు సాయంత్రాలు కెన్పో అని కరాటేలాంటి విద్య ఒకటి నేర్పుతారు. మాస్టారు పగలంతా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తారు కాబట్టి ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. పిడికిలి పక్కటెముకలకి ఆనించి కూడా "కొంచెం చురుక్కుమంటుందంతే" అని ధైర్యం చెప్పే రకం.

ఆయన పద్నాలుగు యూనిఫాంలు కుట్టమని ఇచ్చారు. ఆవిడ కుట్టింది. నెల తిరక్కుండా తొమ్మిది వెనక్కి వచ్చాయి. అన్నీ ఒకే చోట, కుడి చంక కింద చిరిగాయి. కుట్టు ఊడిందంటే ఆవిడకి తల కొట్టేసినట్టే. గుడ్డది తప్పా, దారానిది తప్పా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, మూడో రోజు మెళ్లో టేపుతోనే మెట్లెక్కింది. తన కుట్లని ఇంత ఘోరంగా తెంచుతున్న మహానుభావులెవరో కళ్లారా చూడాలనుకుంది.

చూసింది. ఒకడు వచ్చి ఇంకొకడి మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్న పాపానికి వాడికి రెప్పపాటులో నాలుగు తగిలాయి. టీవీలో ఆవిడ చూసిన కొట్లాటల్లో చెయ్యి వెళ్తుంది, కొడుతుంది, ఖాళీగా వెనక్కి వస్తుంది, మళ్లీ బయల్దేరుతుంది. ఇక్కడ చెయ్యి ఖాళీగా రావడమన్న మాటే లేదు. వెళ్తూ అరచేతి అంచుతో మెడ మీద ఒకటి, వస్తూ మోచేత్తో డొక్కలో ఒకటి. సూది గుడ్డలోకి దిగేటప్పుడే కాదు, పైకి వచ్చేటప్పుడు కూడా కుట్టు వేసినట్టే ఉంది ఆవిడకి. పైగా ఒక్కో పట్టుకి ఒక్కో విరుగుడు. వెనక నుంచి వాటేసుకుంటే ఒకటి, కాలరు పట్టుకుంటే ఒకటి, రెండు చేతులతో తోస్తే ఇంకొకటి. ఎవరో తీరిగ్గా కూర్చుని, మనిషిని మనిషి ఎన్ని రకాలుగా పట్టుకోగలడో అన్నీ రాసుకుని, ప్రతిదానికీ విడిగా కొలతలు తీసి కుట్టినట్టుంది. గాలివాటున చేసిన పని కాదు అది. ఆవిడ మనసు అక్కడే పడిపోయింది.

చిరుగుల సంగతి కూడా అక్కడే తేలింది. వీళ్ల మోచెయ్యి ముందు పైకి లేచి, ఆ తర్వాత అడ్డంగా వెళ్తోంది. మామూలు చొక్కా చంకకి అంత ఓపిక ఉండదు. ఆవిడ ప్రతి చంక కిందా నాలుగు మూలల ముక్క ఒకటి అతికి, పద్నాలుగూ పైకి పంపించింది. వాటితోపాటు పదిహేనోది వేసుకుని తనూ పైకెళ్లింది.

ఆ రోజు నుంచి షాపుకొచ్చేవాళ్లకి కష్టాలు మొదలయ్యాయి. జాకెట్టు కొలతలకి వచ్చినావిణ్ని నిలబెట్టి, ఒక్కసారి నా కాలరు పట్టుకోమ్మా అనేది. ఒక పెద్దమనిషి ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చి, మణికట్టు విడిపించుకోవడం నేర్చుకుని, ఆ ఆనందంలో ప్యాంటు ఇవ్వడం మర్చిపోయి తిరిగి తీసుకెళ్లిపోయాడు. సంగతి తెలిసిన ఆడపడుచు ఫోన్ చేసి, మా అన్నయ్యని రోజూ కొడుతున్నావటగా వదినా అని దెప్పింది. అడిగి మరీ కొడుతున్నానని ఈవిడ జవాబు.

అడిగితే కాదనే మనిషి కాదాయన. కళ్లద్దాల షాపులో పని. వచ్చినవాళ్ల కళ్ల ముందు అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా అది బాగుందా అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి ఇష్టాలూ అడుగుతాడు. ఇంటికొచ్చాక ఆయన ఇష్టం అడిగితే మాత్రం ఒకటే మాట, "నీ ఇష్టం." ఇల్లు మారినప్పుడు నీ ఇష్టం. ఉద్యోగం మారమన్నప్పుడు నీ ఇష్టం. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆవిడ గొంతు పెంచాల్సిన అవసరమే రాలేదు. అంత అదృష్టం అందరికీ ఉంటుందా అని చుట్టుపక్కలవాళ్లు అసూయపడితే, ఆవిడ కూడా నిజమే కాబోలు అనుకునేది.

క్లాసులో ఆవిడకి జోడీ టీచరమ్మ. రిటైరయిన ప్రాణం. వేలు తగిలినా నొప్పెట్టిందా అని అడిగేది, ఈవిడ లేదు లేదు మీకే నొప్పెట్టిందేమో అనేది, ఆ మర్యాదల్లోనే క్లాసు గడిచిపోయేది. అసలు సాధనంతా ఇంట్లో, బీరువాకీ మంచానికీ మధ్య ఉన్న రెండడుగుల సందులోనే. అయిదు నెలల్లో తొమ్మిది టెక్నిక్కులు నోటికి వచ్చినట్టు చేతికి వచ్చేశాయి. నారింజ రంగు బెల్టు పరీక్షకి మాస్టారు పేరు రాసుకున్నారు. ఆ బెల్టులు కుట్టింది కూడా ఆవిడే. తన నడుం కొలతకి ఒకటి ముందే పక్కన పెట్టేసుకుందంటే ధీమా ఏ పాటిదో చూడండి.

పరీక్ష ఇంకో తొమ్మిది రోజులుందనగా టీచరమ్మకి జలుబు చేసింది. మాస్టారు ఈవిడకి బేకరీ ఆయన్ని జోడీగా ఇచ్చారు. రోజూ బస్తాల కొద్దీ పిండి పిసికే చేతులు ఆయనవి. మర్యాదస్తుడే, కానీ కాలరు పట్టుకోమంటే పట్టుకున్నాడు. ఆవిడ నేర్చుకున్నట్టే ఆ చేతిని తన గుండెకే అదిమి పెట్టింది. విదిలించుకోకూడదు, వాడు మన మీద పెట్టిన చెయ్యి మన చేతికి చిక్కినట్టే అన్నది ఇందులో ఆవిడకి అన్నిటికన్నా నచ్చిన కిటుకు. అదిమి, అడుగు వెనక్కి వేసి, ముంజేత్తో ఆయన మోచెయ్యి కింద ఒక్కటిచ్చింది. బేకరీ ఆయన బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడే ఉన్నాడు. కాసేపాగి, ఎంతో వినయంగా అడిగాడు.

"మొదలుపెట్టారా అమ్మా?"

ఆవిడ మొహం మాడిపోయింది. ఇంకో నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ అంతే. అడుగు సగంలోనే ఆగిపోతోందమ్మా, అక్కడేదో గోడ అడ్డమున్నట్టు వేస్తున్నారు అన్నారు మాస్టారు మెత్తగా. గోడ కాదు బీరువా అని ఆవిడకి తెలుసు, కానీ చెప్పలేదు.

ఇంటికొచ్చి యూనిఫాం విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే కాలరు మీద కళ్లు పడ్డాయి. బేకరీ ఆయన పట్టుకున్న చోట గుడ్డ పిసికేసినట్టు నలిగి ఉంది. రెండు కుట్లు సాగాయి. గుడ్డ చూస్తే ఆవిడకి దాని చరిత్రంతా తెలిసిపోతుంది. ఇదే కాలరుని ఆయన అయిదు నెలలుగా రోజూ పట్టుకుంటున్నాడు. ఇస్త్రీ చేసేది ఆదివారానికి ఒక్కసారి. ఏ ఒక్క రోజూ అది ఇలా నలగలేదు. ఒక్క ముడత కూడా లేదు.

మర్నాడు సాయంత్రం అదే కాలరు ఇస్త్రీ చేసి వేసుకుని, సందులో నిలబడి ఆయన్ని పిలిచింది. ఆయన వచ్చాడు, పట్టుకున్నాడు. పట్టుకోగానే మెడ వాల్చి, మోకాళ్లు సడలించి, పరుపు మీద పడి అబ్బా అన్నాడు.

"నేనింకా కొట్టలేదండీ" అంది ఆవిడ.

ఆయన ఒక కన్ను తెరిచాడు. అప్పటికీ లేవలేదు. లేచి ఏం చెయ్యాలో తోచలేదు పాపం.

ఎప్పట్నుంచి ఇలా అని నిలదీస్తే మొదట్నుంచీ అన్నాడు. ఎందుకని అడిగితే, నువ్వు సంతోషపడుతున్నావు కదా అన్నాడు. ఆ మాటకి కోప్పడడానికీ వీల్లేదు, ఊరుకోడానికీ వీల్లేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద ప్రతాపం చూపించింది. పరీక్ష పోతే పోయింది, ఇంకో మూడు నెలలకి మళ్లీ వస్తుంది. ఆవిడని తొలిచేస్తున్నది వేరే ఉంది. ఈ పడడం ఒక్క పరుపు మీదేనా? ఇల్లు మారినప్పుడూ పడ్డాడా? ఉద్యోగం మారినప్పుడూ పడ్డాడా? ఇరవై ఏడేళ్లుగా తను గెలిచాననుకున్న ప్రతి మాటకీ ఈ మనిషి ముందే మెడ వాల్చేశాడేమో. అలాగైతే తను ఇన్నాళ్లూ ఎవరితో కాపురం చేసినట్టు? అది తలుచుకుంటే ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది.

మిగిలిన రోజుల్లో గట్టిగా పట్టుకుంటానని ఆయన మాటిచ్చాడు. పట్టుకున్నాడు కూడా, కోడిగుడ్డుని పట్టుకున్నట్టు. కాలరు ఇస్త్రీ చెక్కు చెదరలేదు.

పరీక్ష ఆదివారం పొద్దున. ఆయన అందరితోపాటు గోడవారన బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి అయిదు టెక్నిక్కులూ టీచరమ్మతో బాగానే గడిచాయి. ఆరోది కాలరు పట్టు. మాస్టారు బేకరీ ఆయన్ని పిలవబోతుంటే ఆవిడ ఆపింది. దీనికి మా ఆయన్ని పిలవండి మాస్టారూ అంది. ఆయనకి యూనిఫాం లేదు కదా అని ఎవరో గొణిగారు. వీధిలో కాలరు పట్టుకునేవాడు యూనిఫాం వేసుకుని రాడుగా, రమ్మనండి అన్నారు మాస్టారు.

ఆయన బిత్తరపోతూ లేచి, చెప్పులు విడిచి, కళ్లజోడు టీచరమ్మ చేతికిచ్చి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఆయనకి మాత్రమే వినపడేలా చెప్పింది.

"ఇవాళ నా కోసం పడొద్దు. మీరు నిలబడితే నేను ఫెయిలైపోతానేమో, అవనీండి. మీరు నిజంగా పట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలియాలండీ. ఇన్నేళ్లయినా నాకు తెలీదు."

ఆయన అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యి చాచి పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి మొండి అద్దాలని ఫ్రేముల్లోకి నొక్కిన బొటనవేలు అది. గుడ్డ గిర్రున మెలిపడి ఆవిడ గడ్డం కిందికి వచ్చేసింది. ఆవిడ ఆ చేతిని అదిమి ముంజేత్తో కొట్టింది. పట్టు వదల్లేదు. మళ్లీ కొట్టింది. వదల్లేదు సరికదా, తన వైపుకి లాక్కున్నాడు. ఆయన మొహంలో ఆవిడ ఎన్నడూ చూడని మొండితనం ఉంది. ఇంత మొండివాడు ఇన్నేళ్లూ తన ఇంట్లోనే అన్నం తిన్నాడా అనుకుంది. భయమేసింది. ఆ భయంలోనే ఎక్కడలేని సంతోషమూ వేసింది.

ఈసారి ఆ చేతిని గుండెకి గట్టిగా అదిమి, అడుగు వెనక్కి వేసింది. పూర్తి అడుగు. హాలులో బీరువా లేదు. ఆయన చెయ్యి తిన్నగా సాగింది, ముంజెయ్యి మోచెయ్యి కింద పడింది, పట్టు ఊడింది. వెళ్తూ మెడ మీద ఒకటి, వస్తూ డొక్కలో ఒకటి. ఆయన సగం చాప మీదా సగం నేల మీదా కూలబడ్డాడు. అబ్బా అనలేదు. ఊపిరందితే కదా అనడానికి.

ఆవిడ గబగబా పక్కన కూలబడి, తగిలిందా అని అడిగింది.

"తగిలింది" అన్నాడాయన. "గట్టిగా తగిలింది. పక్కటెముక దగ్గర బాగా నొప్పిగా ఉంది."

జ్వరమొచ్చినా ఏంలేదనే మనిషి. ఆవిడ ఇంకేదో అనబోయేంతలో ఆయన కళ్లజోడు లేని కళ్లు చికిలించి, ఆవిడ మొహం ఎక్కడుందో వెతుక్కుని, మళ్లీ నోరు తెరిచాడు.

"ఇంకోటి. మన పడగ్గది కర్టెన్లున్నాయే, ఆ పెద్దపెద్ద పువ్వులవి. అవంటే నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు."

ఆ కర్టెన్లు ఆవిడ స్వహస్తాలతో, లోపల అస్తరు వేసి మరీ కుట్టింది. అవి వేలాడుతూ తొమ్మిదేళ్లయింది. బెంచీ మీద టీచరమ్మ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది. ఆవిడకి కోపం గొంతు దాకా వచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది, రెండూ కలిసి కళ్లలోంచి కారాయి. చాప మీద బాసింపట్టు వేసుకుని, ఆయనకి ఎదురుగా సర్దుకు కూర్చుంది.

"ఇంకా ఏమేం ఇష్టం లేదు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. డొక్క పట్టుకుని, చాలా ఉన్నాయి అన్నాడు. మాస్టారు ఏడో టెక్నిక్ పేరు రెండుసార్లు పిలిచారు. ఆవిడ అటు తిరక్కుండానే చెయ్యెత్తి, కాస్త ఆగమని సైగ చేసింది.